ఆవిడ నాకు చెప్పుకుంది, నేను కథ రాసేశాను. ఇప్పుడు ఏం చేయాలి?

సగం కథ | ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఏడాదిన్నరగా నేను ఒక్క కథ కూడా పూర్తి చేయలేదు. మొదలుపెట్టడం, రెండు పేజీలు రాయడం, మర్నాడు చదువుకుని పక్కన పడేయడం. ఎంతసేపు కూర్చున్నా నా పాత్రలన్నీ నాలాగే మాట్లాడేవి, నాలాగే ఆలోచించేవి. ఎనిమిది నెలల కిందట దగ్గర్లోని వృద్ధాశ్రమానికి శనివారాలు వాలంటీరుగా వెళ్లడం మొదలుపెట్టాను. కథల కోసం వెళ్లలేదు, ఇది నిజం. అక్కడ చేతులు వణికేవాళ్లు, చూపు ఆననివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెబుతుంటే ఉత్తరాలు రాసిపెట్టడం నా పని. కొన్ని పోస్టులో వెళ్తాయి, కొన్ని ఫోన్‌లో మెసేజీలుగా వెళ్తాయి. కొన్ని ఎవరికీ వెళ్లవు, ఊరికే రాసిపెట్టమంటారు.

అక్కడ ఒకావిడని నేను అమ్మమ్మా అని పిలుస్తాను. చాలా నెలలు కొడుక్కి రెండే ముక్కలు రాయించేది. బాగున్నాను, నువ్వు జాగ్రత్త. అంతే. నెల కిందట ఒకరోజు, "ఆ నోట్‌బుక్ మూసెయ్యవే" అంది. మూసేశాక చెప్పడం మొదలుపెట్టింది.

[సవరణ: ఇక్కడ నాలుగు వాక్యాలు ఉండేవి. నైట్‌డ్యూటీ గారి మాట చదివాక తీసేశాను.]

ఆ రాత్రి ఇంటికొచ్చి కూర్చున్నదాన్ని తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. కథ పూర్తయింది. పేర్లు మార్చాను, ఊరు తీసేశాను, ఆవిడ చేసిన ఉద్యోగం మార్చాను. నేను ఇంతవరకు రాసినవాటిలో ఇదే బాగుంది, ఆ సంగతి నాకు తెలుసు. ఒక పత్రికకి పంపుదామని అన్నీ సిద్ధం చేసుకున్నాను. తర్వాతి శనివారం ఆవిడ ఎదురుగా కూర్చుంటే మొహంలోకి చూడలేకపోయాను.

అడిగితే వద్దంటుందేమోనని భయం. అడక్కుండా పంపేస్తే ఇక ఆ గదిలోకి మామూలుగా వెళ్లలేనేమోనని ఇంకో భయం. మూడు వారాలుగా ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?


కాగితం పడవ | ఆదివారం, రాత్రి 11:52

పంపించండి. ఏ రచయితైనా విన్నదీ చూసిందీ కలిపే రాస్తాడు. ఆవిడ మీకు చెప్పింది ఒక సంఘటన. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, ఎవరి కళ్లతో చూడాలో తేల్చుకున్నది మీరు. ఆ పని మీది, ఆ కథా మీదే. పేర్లు మార్చారు, ఊరు మార్చారు, ఇంకేం కావాలి?

నేను ఇరవయ్యేళ్లుగా రాస్తున్నాను. మా నాన్న గురించి, మా మేనత్త గురించి, పక్కింటివాళ్ల గురించి రాశాను. ఎవర్నీ అడగలేదు. అడుగుతూ కూర్చుంటే ఒక్క పేజీ కూడా ముందుకు కదిలేది కాదు. ఏడాదిన్నర తర్వాత కథ వచ్చింది అంటున్నారు, దాన్ని సొరుగులో పెట్టకండి.


నైట్‌డ్యూటీ | సోమవారం, ఉదయం 5:40

నేను నర్సుని. ఇప్పుడే డ్యూటీ దిగాను. వేరే సంగతులు తర్వాత, ముందు ఒక పని చేయండి. మీ పోస్టులో నాలుగో పేరా మళ్లీ చదవండి. పేరు లేదు, నిజమే. కానీ ఆ వస్తువు, ఆ సంఖ్య, ఆ బంధుత్వం మూడూ ఒకేచోట పెట్టారు. ఆ ఆశ్రమంలో పనిచేసేవాళ్లు గానీ, ఆవిడ చుట్టాలు గానీ చదివితే ఒక్క క్షణంలో పోల్చుకుంటారు. ఒకే పేరు పదిమందికి ఉంటుంది. అలాంటి వివరం ఇంకెవరి జీవితంలోనూ ఉండదు. వెంటనే తీసేయండి. నేను కూడా వాటిని ఇక్కడ మళ్లీ చెప్పను.

మా పనిలో మొదటి వారమే నేర్పే విషయం ఇది. లిఫ్టులో, మెట్ల మీద, ఇంట్లో భోజనాల దగ్గర రోగి గురించి మాట్లాడకూడదు, పేరు చెప్పకపోయినా సరే. వాలంటీర్లకి ఇది ఎవరూ చెప్పరు. పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట అది.

ఇంకొక్కటి. "నోట్‌బుక్ మూసెయ్యవే" అంది అన్నారు. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.


సగం కథ | సోమవారం, ఉదయం 7:05

తీసేశాను. అప్పటికే చదివినవాళ్లు దయచేసి ఎవరితోనూ అనకండి.

నోట్‌బుక్ సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ ముక్క నేనే రాశాను, నేనే గమనించలేదు.


చేతిరాత | సోమవారం, మధ్యాహ్నం 1:30

చూపులేని విద్యార్థులకి పరీక్షల్లో స్క్రైబ్‌గా కూర్చుంటాను, ఆరేళ్లుగా. అక్కడ పద్ధతి చాలా కచ్చితం. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయాలి. తప్పు చెబుతున్నారని తెలిసినా రాయాల్సిందే. మొదటిసారి ఒక అబ్బాయి సులువైన లెక్కలో తప్పు చేస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. "రాయండి అక్కా" అన్నాడు. రాశాను. బయటికొచ్చాక చాలాసేపు బాధపడ్డాను. కానీ ఆ మార్కులు అతనివి, ఆ తప్పూ అతనిదే. సరిదిద్దే హక్కు నాకు లేదు.

మీరు చేస్తున్నది పరీక్ష కాదు, తెలుసు. అయినా ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు చెయ్యి మనది, మాట వాళ్లది. కుర్చీలోంచి లేచాక ఆ మాట మనదైపోతుందా? నాకు అలా అనిపించదు.


అరుగు | సోమవారం, రాత్రి 8:15

అమ్మా, నేను రిటైరైన టీచర్ని. పదేళ్లుగా ఒక లైబ్రరీలో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రాసిపెడుతున్నాను. నాకు తెలిసింది చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ముందుగా, మీరు చేస్తున్న పని చిన్నది కాదు. పెద్దవాళ్లు పాత సంగతులే తవ్వుకుంటుంటే అదేదో మతిపోవడానికి గుర్తు అనుకునేవారు ఒకప్పుడు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు దాన్ని కాదన్నాడు. చివరి దశలో మనిషి తన బతుకునంతా ఒకసారి తిరిగి చూసుకోవడం సహజమనీ, తేలని విషయాలు తేల్చుకునే ప్రయత్నమనీ రాశాడు. దాన్ని 'లైఫ్ రివ్యూ' అన్నాడు. మీ అమ్మమ్మ నోట్‌బుక్ మూయించి చెప్పింది అంటే ఏదో తేల్చుకుంటోందన్నమాట. మీరు వినడం దానికి సాయం. అందుకే ఆ మాటని జాగ్రత్తగా పట్టుకోవాలి.

మా లైబ్రరీలో అనుమతి రెండుసార్లు అడుగుతాం. చెప్పడానికి ముందు ఒకసారి, రాసింది చదివి వినిపించాక ఇంకోసారి. మొదటిసారి సరే అన్నవాళ్లు రెండోసారి కొన్ని వద్దంటారు. అది వాళ్ల తప్పు కాదు. నోటితో చెప్పినప్పుడు గాలిలో పోయిన మాట, కాగితం మీద చదివి వినిపించేసరికి బరువుగా వినిపిస్తుంది. సంతకం పెట్టించుకోవడం ఒకటే అనుమతి అనుకోకూడదు. ఆర్నెల్ల తర్వాత వద్దన్నా తీసేస్తామని ముందే చెబుతాం. అచ్చయ్యాక తీయలేం కాబట్టి, అచ్చుకి ముందు మూడోసారి కూడా అడుగుతాం.

అడిగేటప్పుడు ఆశ్రమం నడిపేవాళ్ల ఎదుట అడగకండి. కొడుకు ఎదుట కూడా వద్దు. వాళ్లముందు ఆవిడకి కాదనడం కష్టం. కాదనే వీలు నిజంగా ఉంటేనే అది అనుమతి. మీరంటే ఇష్టం కాబట్టి మీకోసం ఒప్పుకునే ప్రమాదం కూడా ఉంది. "నువ్వు వద్దంటే నేను వచ్చే శనివారం కూడా ఇలాగే వస్తాను అమ్మమ్మా" అని ముందే చెప్పండి. ఆ తర్వాతే కథ మాట ఎత్తండి.

అమెరికా అంతర్యుద్ధంలో వాల్ట్ విట్మన్ అనే కవి 1862 చివర్లో గాయపడిన తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లి, ఆ తర్వాత వాషింగ్టన్‌లో ఉండిపోయి ఆసుపత్రుల్లో సైనికుల మంచాల పక్కన కూర్చున్నాడు. వాళ్ల ఇళ్లకి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. జేబులో చిన్న నోట్‌బుక్కులు ఉండేవి, చూసింది అందులో రాసుకునేవాడు. తర్వాత వాటి ఆధారంగా పుస్తకమూ అచ్చువేశాడు. మీకొచ్చిన చిక్కు పాతదే అని చెప్పడానికే ఇది. సేవ చేసే చెయ్యీ రాసే చెయ్యీ ఒక్కటే అయినప్పుడు ఇది వస్తుంది.


చివరి బెంచి | సోమవారం, రాత్రి 10:48

నేను రాద్దామా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

మా నానమ్మ కథని ఒకాయన రాశాడు. ఇంటికి వచ్చి వెళ్తుండేవాడు, మంచివాడే. పేర్లు మార్చాడు. ఒక పత్రికలో వచ్చింది, చాలామంది మెచ్చుకున్నారు. మాకు అది తెలిసింది మా చుట్టం ఒకావిడ ఫోన్ చేసి, "మీ అత్తగారి గురించి పడింది చూశావా" అని అమ్మని అడిగినప్పుడు. అమ్మ ఆ పత్రిక దాచేసింది. కానీ నానమ్మకి తెలిసిపోయింది. ఎవరో చదివి వినిపించారు.

ఆమె ఏమీ అనలేదు. కోప్పడలేదు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ఎవరితోనూ పాత సంగతులు చెప్పడం మానేసింది, మాతో కూడా. నాకప్పుడు పన్నెండేళ్లు. రోజూ రాత్రి నాకు చెప్పే కబుర్లు ఆగిపోయాయి. ఆమె పోయాక మా దగ్గర ఆమె గురించి మిగిలింది ఆ కథ ఒక్కటే. అందులో ఉన్నావిడ మా నానమ్మ కాదు. చాలా బాగా రాసిన వేరే ఎవరో.

ఆయన వచ్చి ఒక్కమాట అడిగుంటే, ఆమె బహుశా సరే అనేది. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. అడగండి అక్కా.


కాగితం పడవ | మంగళవారం, ఉదయం 6:30

చివరి బెంచి, మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. రాసినందుకు కృతజ్ఞతలు.

నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేను. బతికున్న మనుషుల నుంచి ఏమీ తీసుకోకుండా కథలు రాయలేం అనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ రోడ్డు మీద చూసిన మనిషి, మన ఇంట్లో మనిషి, మనల్ని నమ్మి చెప్పుకున్న మనిషి, ముగ్గురూ ఒకటి కాదు. మొన్న నేను మూడిటినీ ఒకే గాటన కట్టేశాను. వృద్ధాశ్రమంలో మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆమె మాట్లాడింది వాలంటీరుతో. ఎదురుగా రచయిత కూడా ఉందని ఆమెకి తెలియదు.

మా మేనత్త ఇంకా ఉంది. నేను రాసిన కథ ఆమె చదవలేదు, ఆమెకి చదవడం రాదు. ఈ ఆదివారం వెళ్లి చదివి వినిపిస్తాను.


కొత్త మొక్క | మంగళవారం, ఉదయం 9:10

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకూ ఇలా వెళ్లాలని ఉంది. రాయడం కొంచెం వచ్చు, మనుషులతో మాట్లాడాలంటే భయం. మొదటిరోజు ఏం అడగాలి? రికార్డు చేయొచ్చా?


చేతిరాత | మంగళవారం, ఉదయం 11:00

మొదటిరోజు ఏమీ అడక్కండి. వాళ్లకి కావాల్సిన చిన్న పని ఒకటి చేసిపెట్టండి. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయడం, ఒక ఫారం నింపడం, వచ్చిన ఉత్తరం చదివి వినిపించడం లాంటివి. మాటలు వాటంతట అవే వస్తాయి.


అరుగు | మంగళవారం, సాయంత్రం 4:20

చేతిరాత గారు సరిగ్గా చెప్పారు. దానికి కొన్ని కలుపుతాను.

"మీ జీవితం గురించి చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, అది మరీ పెద్ద ప్రశ్న. "మీరు చిన్నప్పుడున్న ఇంట్లో తలుపు తీస్తే ముందు ఏం కనపడేది?" అని అడగండి. గది కనపడుతుంది, గదిలో మనిషి కనపడుతుంది, ఆ మనిషి అన్న మాట వస్తుంది. చేతులు చేసిన పనుల గురించి అడగండి. ఉద్యోగం గురించి అడిగితే రెండు వాక్యాల్లో ముగుస్తుంది. ఉదయం లేచి మొదట ఏ పని చేసేవారు అంటే అరగంట చెబుతారు.

మౌనం వస్తే దాన్ని నింపకండి. మనకి పది సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. అవతలివాళ్లు ఆ పది సెకన్లలో ఎక్కడికో వెళ్లి ఏదో తీసుకొస్తుంటారు. మీరు ఇంకో ప్రశ్న వేస్తే ఖాళీ చేతులతో తిరిగొస్తారు. నాకు ఇది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది.

నలభై నిమిషాలకి మించి కూర్చోకండి. అమెరికాలో 2003లో మొదలైన స్టోరీకోర్ అనే సంస్థ మామూలు మనుషుల సంభాషణలు రికార్డు చేసి దాస్తోంది. వాళ్లు కూడా ఒక్కో సంభాషణకి నలభై నిమిషాలే పెట్టుకున్నారు. మా అనుభవంలోనూ అది దాటాక పెద్దవాళ్లు అలసిపోతారు, మనమూ సరిగ్గా వినం.

రికార్డింగ్ మాత్రం చెప్పి, చూపించి చేయాలి. ఫోన్ బల్ల మీద వాళ్లకి కనపడేలా పెట్టి, ఎలా ఆపాలో వాళ్లకే నేర్పండి. కొందరు మధ్యలో ఆపేసి రెండు మాటలు చెప్పి మళ్లీ ఆన్ చేస్తారు. ఆ రెండు మాటలు మనం ఎక్కడా రాయం.


రెండో అంతస్తు | మంగళవారం, రాత్రి 9:35

మా అమ్మకి జ్ఞాపకశక్తి పోతోంది. ఇప్పుడు అనుమతి ఇచ్చిన సంగతి రేపటికి గుర్తుండదు. అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లే వాలంటీర్లు ఏం చేయాలి? మొన్నొకమ్మాయి వచ్చి, "మీ పెళ్లి ఎప్పుడైంది, గుర్తుందా?" అని అడిగింది. మంచి ఉద్దేశంతోనే అడిగింది. అమ్మ చెప్పలేక మొహం తిప్పుకుంది. ఆ రోజంతా దిగులుగా ఉంది.


నైట్‌డ్యూటీ | బుధవారం, ఉదయం 6:10

మీ అమ్మగారి దగ్గర "గుర్తుందా" అనే మాటే వాడొద్దని ఆ అమ్మాయికి చెప్పండి. అది పరీక్షలో ప్రశ్నలా తగులుతుంది.

నేను కొంతకాలం డిమెన్షియా వార్డులో పనిచేశాను. అక్కడ వాలంటీర్లు ఒక పద్ధతి వాడేవాళ్లు. ఆన్ బాస్టింగ్ అనే ఆమె 1998లో టైమ్‌స్లిప్స్ పేరుతో దాన్ని మొదలుపెట్టారు. జ్ఞాపకాన్ని పక్కనపెట్టి ఊహని పిలవడం. నలుగురు కూర్చుంటారు. మధ్యలో ఒక బొమ్మ పెడతారు, వాళ్లకి సంబంధం లేని బొమ్మ, కొంచెం వింతగా ఉండాలి. "ఈయన పేరేం పెడదాం? ఎక్కడికి వెళ్తున్నాడు? సంచిలో ఏముంది?" తప్పు జవాబనేదే ఉండదు. ఎవరేం అన్నా వాలంటీరు పెద్ద అక్షరాలతో రాస్తుంది. ఒకే మాట నాలుగుసార్లు అన్నా, పాట పాడినా, అర్థంకాని శబ్దం చేసినా రాస్తుంది. మధ్యమధ్యలో అప్పటిదాకా తయారైన కథని చదివి వినిపిస్తుంది.

నెలల తరబడి ఒక్కమాట మాట్లాడని పెద్దాయన ఆ బొమ్మలోని ఏనుక్కి పేరు పెట్టడం నేను చూశాను. గదిలో అందరం చప్పట్లు కొట్టాం. ఆ పేరు నేను మర్చిపోను.

ఇందులో ఎవరి రహస్యమూ బయటపడదు కాబట్టి, మీరు అడిగిన అనుమతి చిక్కు కూడా చాలావరకు రాదు. రాసింది గోడకి పెట్టే ముందు మీరు ఒకసారి చూసుకుంటే చాలు.


రెండో అంతస్తు | బుధవారం, రాత్రి 10:00

ఇవాళ సాయంత్రం చేసి చూశాను. పాత క్యాలెండర్‌లోంచి గొడుగు పట్టుకున్న పిల్లవాడి బొమ్మ చూపించాను. "వాడు ఇంటికి వెళ్లడు" అంది అమ్మ. ఎందుకని అడిగాను. "వాన బాగుంది కదా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. రాసి పెట్టాను. చాలా థాంక్స్ అండీ.


కొత్త మొక్క | గురువారం, ఉదయం 8:45

ఇంకో సందేహం. వాళ్లు మాట్లాడే భాష ఉన్నదున్నట్టు రాయాలా? నాకు చేతిలో పెన్ను ఉంటే వాక్యాలు సరిచేయాలనిపిస్తుంది.


అరుగు | గురువారం, సాయంత్రం 5:05

ఉన్నదున్నట్టే రాయండి. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. "వచ్చినాను" అన్న మనిషి పక్కన "వచ్చాను" అని రాస్తే ఆ మనిషి ఆ వాక్యంలోంచి వెళ్లిపోతాడు. జనం మాట్లాడే తెలుగుకి పుస్తకాల్లో చోటు లేని రోజుల్లో గిడుగు రామమూర్తి గారు దానికోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఇప్పుడు పుస్తకాల్లో వాడుక భాష ఉంది. అయినా పెద్దవాళ్ల నోట్లోని పలుకుబడిని మనమే దిద్దేస్తే, ఆయన దేనికోసం పోట్లాడారో దాన్నే పోగొట్టుకుంటాం.

నేను మొదట్లో రాసిన జ్ఞాపకాలు ఇప్పుడు తీసి చూస్తే పద్నాలుగు మంది ఒకే గొంతుతో మాట్లాడుతుంటారు. అది నా గొంతు. వాళ్లలో పదకొండు మంది ఇప్పుడు లేరు. మళ్లీ అడిగి రాసుకోవడానికి వీల్లేదు.

ఒక్క జాగ్రత్త. మాట ఉంచండి, కానీ ఉచ్చారణని వెక్కిరించేలా అక్షరాలు వంకర పెట్టకండి. పళ్లు లేక నోరు తిరగకపోవడం మాండలికం కాదు.


చివరి బెంచి | గురువారం, రాత్రి 11:15

సగం కథ అక్కా, మీరెలా ఉన్నారు? అక్కడ అన్నీ విని ఇంటికొచ్చాక మీకు బరువుగా ఉండదా?


సగం కథ | గురువారం, రాత్రి 11:40

ఉంటుంది. అందుకేనేమో ఆ రాత్రి అలా రాసేశాను. అది కథ రాయాలన్న కోరికా, బరువు దించుకోవడమా అనేది ఇప్పుడు ఆలోచిస్తే తేలడం లేదు.


నైట్‌డ్యూటీ | శుక్రవారం, ఉదయం 6:25

రెండూ అయుంటాయి. రెండిటికీ రెండు నోట్‌బుక్కులు పెట్టుకోండి. వార్డులో కష్టమైన రాత్రి గడిస్తే నేను పదిహేను నిమిషాలు రాస్తాను, ఎవరికీ చూపించను, తర్వాత చింపేస్తాను. జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే పరిశోధకులు 1986లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, తమ మనసుకి తగిలిన దెబ్బల గురించి రాయించారు. జరిగినదాన్నీ దాని గురించి తమకేం అనిపించిందో దాన్నీ కలిపి రాసినవాళ్లు, రాసిన వెంటనే ఇంకా దిగులుపడ్డారు. కానీ ఆ తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అందుకని రాసిన వెంటనే తేలికపడకపోతే కంగారుపడకండి. మరీ నిద్ర పట్టకపోతే మాత్రం రాయడం ఆపి ఎవరితోనైనా మాట్లాడండి.

ఆ పదిహేను నిమిషాల కాగితం కథ కాదు. దాన్ని పత్రికకి పంపకూడదు. మీరు పంపుదామనుకున్నది అందులో ఏదో మీరే చూసుకోవాలి.


కాగితం పడవ | శుక్రవారం, మధ్యాహ్నం 2:00

దానికి నాదో మాట. మీ మామూలు రోజుని కూడా రాయండి. ఇతరుల పెద్ద పెద్ద కథలు విన్నాక మన రోజు రాయడానికి పనికిరానిదిగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ 1937లో మామూలు మనుషుల్ని మే 12న లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేశారో రాసి పంపమంది. గుమాస్తాలు, గృహిణులు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు రాశారు. వీధిలో ఏం విన్నారు, ఎవరు ఎందుకు విసుక్కున్నారు, అలాంటివి. 2010 నుంచి మళ్లీ ఏటా మే 12న ఆ పిలుపు ఉంటోంది. 1981 నుంచి అక్కడ క్రమం తప్పకుండా రాసేవాళ్లకి పేర్ల బదులు నంబర్లే ఉంటాయి. పేరు బయటికి రాదన్న ధీమాతోనే అంత మనసు విప్పి రాస్తారనుకుంటాను.

నిన్న నా రోజంతా రాసుకున్నాను. కరెంటు బిల్లు కట్టడానికి వరసలో నిలబడ్డ ఇరవై నిమిషాలు రెండు పేజీలు వచ్చింది.


సగం కథ | శనివారం, రాత్రి 9:50

ఇవాళ అడిగాను.

అరుగు గారు చెప్పినట్టే ఎవరూ లేనప్పుడు, వచ్చే శనివారం కూడా వస్తానని ముందే చెప్పి అడిగాను. "నువ్వు చెప్పింది విన్న రాత్రి నేనొక కథ రాశాను అమ్మమ్మా. నిన్ను అడక్కుండా రాశాను. తప్పు చేశాను" అన్నాను. ఆవిడ కిటికీ వైపు చూసింది. పది సెకన్లు అన్నారు, నాకు పది నిమిషాల్లా ఉంది. నింపలేదు.

"తెచ్చావా?" అంది. తెచ్చానన్నాను. "చదువు."

చదివాను. నా గొంతు వణికింది. ఆవిడ కళ్లు మూసుకుని వింది. నేను భయపడ్డ చోట్ల ఏమీ అనలేదు. వేరే చోట ఆపింది. కథలో నేను ఒక పాత్రని కొంచెం కఠినంగా రాశాను, కథ బిగువుగా ఉంటుందని. "ఇలాంటిది కాదే ఆమె. ఇది మార్చు" అంది. మారుస్తానన్నాను. చివర్లో ఒక వాక్యం ఉంది. ఆవిడ అన్నది అన్నట్టు పెట్టాను. అది చదవగానే చెయ్యెత్తింది. "అది నీకు చెప్పింది. అది వద్దు."

మిగతాది అచ్చువేసుకోమంది. "నీ పేరు పెట్టుకో, నా పేరు ఎక్కడా వద్దు" అని రెండుసార్లు చెప్పింది. ఇక్కడ ఇంతవరకు రాస్తానని కూడా చెప్పి, సరే అన్నాకే రాస్తున్నాను.

వచ్చేముందు ఇంకో మాట అంది. "నువ్వు రాసింది బాగుంది, కానీ అది నీది. నాది కూడా రాసిపెడతావా, నేను చెప్పినట్టు?"


కాగితం పడవ | శనివారం, రాత్రి 10:20

చాలా సంతోషం. రాసేవాడిగా ఒకటి అడుగుతాను. ఆ వాక్యం లేకుండా కథ నిలబడుతుందా?


సగం కథ | శనివారం, రాత్రి 10:45

పూర్తిగా నిలబడదు. కథ మొత్తం ఆ వాక్యం వైపే నడుస్తుంది. తీసేశాక చివర ఖాళీగా ఉంది. వేరే ఏదో పెట్టి చూశాను, అతుకు తెలిసిపోతోంది. ఖాళీగానే వదిలేద్దామనుకుంటున్నాను. పత్రికవాళ్లు తిప్పి పంపితే పంపనీ. ఆ వాక్యం ఏమిటో ఇక్కడా ఎక్కడా చెప్పను.


చివరి బెంచి | శనివారం, రాత్రి 11:02

థాంక్స్ అక్కా.


కాగితం పడవ | సోమవారం, రాత్రి 9:15

నిన్న మేనత్తకి చదివి వినిపించాను. మొత్తం విని, "నన్ను మంచిదానిగానే రాశావులే. మీ అమ్మని మాత్రం మర్చిపోయావు. ఆ రోజు మీ అమ్మ కూడా అక్కడే ఉంది" అంది. పదమూడేళ్ల కిందట రాసిన కథ. మా అమ్మ ఆ గదిలో ఉందని నాకు నిన్నే తెలిసింది.


అరుగు | మంగళవారం, ఉదయం 10:30

సగం కథ గారూ, అమ్మమ్మ చెప్పింది రాసేటప్పుడు ఒక చిన్న సలహా. పద్దెనిమిది పాయింట్ల అక్షరాలతో, వరసల మధ్య బాగా చోటు వదిలి ప్రింటు తీయండి. మెరిసే కాగితం వద్దు, వెలుతురు పడి చూపు ఆనదు. ఒకవైపే అచ్చువేయండి. ఆవిడ తనంతట తాను చదువుకోగలగాలి. మీరు చదివి వినిపించడం వేరు, తన కళ్లతో చదవడం వేరు.


కొత్త మొక్క | శుక్రవారం, రాత్రి 8:00

నేనూ వెళ్లొచ్చాను. ఒక తాతగారికి ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టాను. గంటసేపు తన రేడియో రిపేరు షాపు గురించి చెప్పారు. నేను ఏమీ అడగలేదు.


సగం కథ | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:30

రెండు శనివారాలు ఆవిడ చెప్పింది, నేను రాశాను. ఒక్క మాట మార్చలేదు. ఒకచోట రెండు సంగతులు ముందువెనకలుగా చెప్పింది, అలాగే ఉంచాను. మొత్తం పదకొండు పేజీలు. అరుగు గారు చెప్పిన కాగితం మీదే, పద్దెనిమిది పాయింట్లలో ప్రింటు తీశాను. ఇవాళ తీసుకెళ్లి ఇచ్చాను.

కళ్లజోడు తుడుచుకుని, వేలు వరస కింద పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. మొదటి పేజీకి చాలాసేపు పట్టింది. నాలుగో పేజీలో వేలు ఆగిపోయింది. ఏమైందో అనుకున్నాను.

"పెన్ను ఇయ్యి" అంది.

చెయ్యి వణుకుతుందని ఎనిమిది నెలలుగా ఒక్క అక్షరం కూడా తను రాయలేదు. నేను రాస్తానన్నాను. వద్దంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. 'ఏడ్చాను' అని ఉన్నచోట గీత కొట్టి, పైన చోటులో, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో, 'కూర్చున్నాను' అని రాసింది. పెన్ను నాకిచ్చేసి మళ్లీ వేలు పెట్టి చదువుకుంది.